తడి జాడ

సెప్టెంబర్ 3

నేను వచ్చేలోపు అక్క ఎన్నిసార్లు దగ్గిందో తెలియదు. వచ్చాక, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు పదిహేడు సార్లు. నేను వేళ్ల మీద లెక్కపెట్టడం కనిపెట్టేసింది.

"ఒరేయ్, ముప్పై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. నా దగ్గు నేను లెక్కపెట్టుకోగలను" అంది. ఆ ఒక్క మాటకీ మధ్యలో రెండుసార్లు ఆగింది.

నిన్న ఛాతీ డాక్టరమ్మ చెప్పింది ఇదీ: జబ్బు జలుబు వల్ల వచ్చింది కాదు, బూజు వల్ల వచ్చింది. ఆవిడ ఉండేచోట ఎక్కడో కనబడని తడి ఉంది. దాని మీద బూజు పెరుగుతోంది. ఆ పొడిని రోజూ పీలుస్తోంది. "నెల్లాళ్లలో ఆ తడిని కనిపెట్టి తీసెయ్యండి. లేదా ఆవిణ్ణి అక్కణ్ణుంచి తీసెయ్యండి. రెండూ చెయ్యకపోతే నా దగ్గరికి రావడం దండగ."

అక్క ఉండేది చక్రాల మీద ఇల్లు. పదహారడుగుల ట్రైలర్. ఒకప్పుడు దాన్ని కారుకి తగిలించుకుని ఊళ్లు తిరిగింది. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాక ఈ ట్రైలర్ల యార్డులో నిలిపింది. అందులోంచి వెళ్లమంటే వినదు. "ఒకరి గుమ్మంలో నిలబడి తలుపు కొట్టక్కర్లేని బతుకు నాకిది ఒక్కటే దొరికింది" అంటుంది.

ఇలాంటి బండ్లు ఇరవై ఆరేళ్లు కట్టినవాణ్ని నేను. నాకు దొరక్కుండా తడి ఎక్కడికి పోతుంది?

సెప్టెంబర్ 4

వెతక్కముందే దోషి ఎవరో తెలుసు. ఈ బండి కట్టింది చిన్నోడు.

చిన్నోడంటే నా బావమరిది. ఆ పేరు మా ఆవిడ పెట్టింది. ఆవిడ పోయి పదేళ్లయింది, వాడికి అరవై మూడొచ్చాయి, పేరు మాత్రం ఎదగలేదు. షెడ్డు ఇద్దరం కలిసి పెట్టాం. తొమ్మిదేళ్ల కిందట నేను బయటికి వచ్చేశాను. వచ్చేశాను అనే రాస్తున్నాను, నా డైరీలో కూడా నేను మర్యాద తప్పను. మరుసటి ఏడాదే నా తోడబుట్టిన మనిషి వెళ్లి వాడి దగ్గర బండి కట్టించుకుంది. "నువ్వు మానేశావు కదరా, ఇంకెవరి దగ్గరికి పోను?" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

మా తగువంతా నీళ్ల గురించే. నేను అతుకతుకుకీ, సందులు పూడ్చే సీలెంట్ రెండు పూతలు పెట్టాలనేవాణ్ని. వాడు నసిగేవాడు. "ఎంత మూసినా నీళ్లు వస్తాయి బావగారూ. వచ్చినవాటిని బయటికి పంపే దారి చూడాలి." దొంగ ఎలాగూ వస్తాడని పెరటి తలుపు తీసి ఉంచే మనిషిని అప్పుడే చూశాను. పని చేతకానివాడికి సిద్ధాంతాలెక్కువ. ఆడలేక మద్దెల ఓడు.

చరిత్ర చదివినవాడికి తెలుసు. కోటలు సింహద్వారం దగ్గర పడిపోవు. ఎవరూ కాపలా పెట్టని తూము దగ్గర పడిపోతాయి. రేపు పైకప్పుతో మొదలుపెడతాను.

సెప్టెంబర్ 6

నిచ్చెన మీద మూడు గంటలు. మోకాళ్లు చెప్పాల్సింది చెప్పాయి.

కప్పు మీది అతుకులన్నీ వేలితో తడిమాను. గాలి గొట్టం చుట్టూ సీలెంట్ ఎండి పెచ్చులు లేచింది. అంతా గీకి, తుడిచి, కొత్తది పెట్టాను. పాతదాని మీదే కొత్తది పూసేవాళ్లుంటారు. మురికి చొక్కా మీద ఉతికిన చొక్కా తొడుక్కోవడం లాంటిది అది.

దాని కింద కప్పు లోపలి చెక్కని మీటర్‌తో చూశాను. తేమ పన్నెండు శాతం. పొడి. తడి అక్కడ లేదు.

కప్పు మీద దొరికి ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 7

దగ్గు పంతొమ్మిది.

సెప్టెంబర్ 9

ఇవాళ బుడగల పరీక్ష. బండి కన్నాలన్నీ టేపుతో మూసి, కప్పు గొట్టంలో బ్లోయర్ బిగించి లోపలికి గాలి కొట్టాలి. బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాలి. ఎక్కడ సందుంటే అక్కడ బుడగ లేస్తుంది. నీళ్లు లోపలికి వెళ్లే దారీ, గాలి బయటికి వచ్చే దారీ ఒకటే కదా.

సీసా పట్టుకుని చల్లే పని అక్క తీసుకుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది.

"ఈ వయసులో బుడగలాట ఆడిస్తున్నావురా."

"మాట్లాడకుండా చల్లవే."

"అదుగో, అక్కడ. పెద్దది. నీ తలంత ఉంది, లోపలా అంతే ఉంది."

వెనక లైటు పక్కన నిజంగానే బుడగ లేచింది. విప్పి చూశాను. లోపలి చెక్క గట్టిగానే ఉంది. మూసేశాను. ముందు మూల దగ్గర ఇంకోటి, చిన్నది. అదీ మూశాను. కిటికీలు నాలుగింటి దగ్గరా ఒక్క బుడగంటే ఒక్కటి లేదు. ఎందుకుంటుంది? నాలుగేళ్ల కిందట చిన్నోడి పని చూసి కడుపు మండి, కిటికీల చుట్టూ నేనే సీలెంట్ పెట్టాను. పైనా కిందా పక్కలా, చీమ దూరే సందు లేకుండా. కిటికీల సంగతి ఇక చూడనక్కర్లేదు.

సాయంత్రానికి అక్క అలిసిపోయింది. మెట్టు మీద కూర్చుని నోటితో గాలి పీల్చుకుంది. నేను సబ్బునీళ్ల బకెట్ కడుగుతున్నట్టు నటించాను.

సెప్టెంబర్ 11

నీళ్ల గొట్టాలు. కుళాయిలన్నీ కట్టేసి పంపు వేసి ఉంచాను. ఎక్కడైనా కారుతుంటే ఒత్తిడి తగ్గి పంపు దానంతట అదే గుర్రుమనాలి. గంటన్నర చెవి పెట్టుకుని కూర్చున్నాను. పంపు మాట్లాడలేదు. అక్క దగ్గే వినిపించింది.

ఇరవై.

డాక్టరమ్మ ఇచ్చిన గడువులో తొమ్మిది రోజులు అయిపోయాయి.

సెప్టెంబర్ 12

తెల్లారినప్పటినుంచీ వాన. తడి తనంతట తాను బయటపడాల్సిన రోజు. మీటర్ పట్టుకుని అంగుళం అంగుళం తిరిగాను. కప్పు పన్నెండు. మూలలు పద్నాలుగు. మంచం వైపు గోడ పదిహేను. పుస్తకాల అర పక్కన పంతొమ్మిది. పుస్తకాలున్నచోట ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది, కాగితం గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది. అర కిటికీ కిందే ఉంది. కిటికీలు సరిగ్గానే ఉన్నాయి.

కిటికీలు సరిగ్గానే ఉన్నాయి.

సెప్టెంబర్ 14

అక్క అడుగు వరసలోంచి పాత రేఖాగణితం పుస్తకం తీయబోయింది. పక్క పుస్తకంతో కలిసి వచ్చింది. రెండు అట్టలూ అతుక్కుపోయాయి.

"విడాకులకి ఒప్పుకోవడం లేదురా ఇవి" అంది.

నేను నవ్వలేదు. పుస్తకాలన్నీ దించి అర ముందుకి లాగాను. వెనక గోడ మోకాలెత్తు దాకా నల్లగా ఉంది. బొటనవేలితో నొక్కితే వేలు దిగిపోయింది. తడిసిన రొట్టెలోకి దిగినట్టు. పిల్లిని చంకలో పెట్టుకుని పదకొండు రోజులు ఊరంతా వెతికాను.

అక్కని బయటికి పంపి, చెక్క కోశాను. లోపల కర్ర చేతికి పొడిగా వచ్చింది. లోపలి నలుపు కింద తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. దాని వెంట వెళితే తిన్నగా కిటికీ దగ్గర ఆగింది.

జారే అద్దాల కిటికీ అది. అద్దం జారే గాడిలో చెంబుడు నీళ్లు పోశాను. బయటికి వెళ్లి చూశాను. ఒక్క చుక్క రాలేదు. లోపలికి వచ్చాను. నీళ్లు గాడి అంచు దాటి, చట్రం వెనక్కి, గోడలోకి దిగుతున్నాయి. చప్పుడు కూడా లేదు.

మళ్లీ బయటికి వెళ్లాను. చూశాను.

ఇవాళ్టికి చాలు.

సెప్టెంబర్ 15

అక్కని నా గదికి తెచ్చాను. మంచం తనకిచ్చి నేను కుర్చీలో సర్దుకున్నాను. నా గదిలో పుస్తకాలు ఎక్కువ, గాలి తక్కువ అని ఫిర్యాదు.

"ఎవరి తప్పురా ఇది?" అని అడిగింది.

"కట్టినవాడిది."

సెప్టెంబర్ 16

శాస్త్రీయంగా రాసుకుందాం. జారే కిటికీకి అడుగు చట్రంలో, బయట వైపు, గోరంత చీలికలు రెండు ఉంటాయి. వాన పడ్డప్పుడు గాడిలో చేరే నీళ్లు వాటిలోంచి బయటికి పోతాయి. అక్క కిటికీలకి అవి మూసి ఉన్నాయి. పోయే దారి లేక నీళ్లు గోడలోకి దిగాయి. ఎవరు మూశారన్నది వేరే సంగతి. అసలు అలాంటి కిటికీ ఎంచుకున్నవాడిది మొదటి తప్పు. కన్నం ఎందుకుందో కొన్నవాళ్లకి చెప్పకపోవడం రెండో తప్పు. కన్నం కనిపిస్తే మనిషన్నవాడు మూస్తాడు.

సెప్టెంబర్ 17

నాతో చెప్పకుండా అక్క చిన్నోడికి ఫోన్ చేసింది. మేం బండి దగ్గరికి వెళ్లాం. పది గంటలకల్లా వాడూ వచ్చేశాడు. పొట్ట పెరిగింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, గుడికి వచ్చినట్టు.

"ఏమోయ్" అంది అక్క, వాడు నిలబడగానే. "నా గోడలో చెరువు తవ్వావు, చేపలు వెయ్యడం మర్చిపోయావు."

"కూర్చోండి వదినా, దగ్గొస్తుంది. నేను చూస్తాను."

చూశాడు. గోడ చూశాడు. గాడిలో నీళ్లు పోసి చూశాడు. బయటికి వెళ్లి కిటికీ కింద చట్రం మీద బొటనవేలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిపాడు. తెల్లటి సీలెంట్ గీత, దారం పట్టి గీసినంత తిన్నగా ఉంది. అంత తిన్నగా గీసే చెయ్యి మా ఇద్దరికీ తెలిసినంతలో ఒక్కటే. నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మబ్బులు కూడా లేవు.

దొంగకి తేలు కుట్టినట్టు అన్న మాట ఇన్నేళ్లుగా ఎంతమంది మీద వాడానో.

వాడు లోపలికి వచ్చి, "తప్పు జరిగింది వదినా. గోడ విప్పి కొత్తది కడతాను. రెండు వారాలు ఇవ్వండి" అన్నాడు.

"తప్పు జరిగిందంటే? దానంతటదే జరిగిందా?"

"మాదే వదినా."

"నీకు సిగ్గుండాలి. ఇన్నాళ్లూ వీడు నీ గురించి చెబుతుంటే నేనే కొట్టిపారేశాను."

వాడు తల ఊపాడు. తెరిచిన నోరు నేను మూసుకున్నాను.

సెప్టెంబర్ 18

వాడు నన్ను కాపాడాడని అనుకోవాలా? కాదు. దయ చూపించి చంపుదామని. నన్ను నలుగురిలో దోషిని చేస్తే నేను వాదిస్తానని వాడికి తెలుసు. వాదిస్తే నేనే గెలుస్తానని కూడా తెలుసు. అందుకని తప్పు నెత్తిన వేసుకుని వెళ్లిపోయాడు. ఎంత తెలివి.

సెప్టెంబర్ 19

మూసింది నేను.

సెప్టెంబర్ 21

అక్క ఊరుకోలేదు. నా గదినుంచి రోజూ యార్డుకి నడిచి వెళ్లి, ఆగి ఆగి, ప్రతి బండి మెట్టు దగ్గరా నిలబడి చెబుతోంది. "వాడితో పని చేయించుకోకండి. నా ఊపిరితిత్తులు చూడండి." ఎదురు బండి టైలరమ్మ తన కప్పు పని చిన్నోడికి ఇస్తానన్నది మానుకుంది. ఇంకొకరెవరో కూడా.

చిన్నోడు అక్క బండిలో గోడ విప్పుతున్నాడు. అటుగా పోతున్న పక్క బండి పోస్టుమాస్టరు, రిటైరైనా నోరు రిటైర్ కాని మనిషి, ఆగి, "ఏం మేస్త్రీ, బూజు కూడా ఫిట్ చేసి అమ్ముతున్నారా?" అన్నాడు. వాడు నవ్వి ముక్కు మీది మాస్కు సరిచేసుకుని లోపలికి వెళ్లాడు.

నేను అక్కడే ఉన్నాను. మేకులు ఏరుతున్నాను.

సెప్టెంబర్ 23

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. దగ్గు తొమ్మిదికి దిగింది. మంచి కబురే. ఛాతీ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి పెట్టి చూపించింది. కుడివైపు అడుగున అరచేతిలో సగమంత భాగం గట్టిపడింది. "మిగతాది తేరుకుంటుంది. ఇది తేరుకోదు. ఇంకో ఏడాది అదే గాలి పీల్చి ఉంటే నేను ఈ మాట కూడా చెప్పగలిగేదాన్ని కాదు."

ఆ అరచేతిలో సగం నాది. తిరిగి వస్తూ దారి పొడుగునా అక్క చిన్నోణ్ణి తిట్టింది. మెట్లెక్కుతూ తిట్టడానికి ఊపిరి చాలక, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నిలబడి, మిగతా తిట్టు పూర్తి చేసింది.

సెప్టెంబర్ 24

చెప్పేశాను.

ఉదయం పేపరు చదువుతోంది. ఎదురుగా కూర్చున్నాను. నాలుగు రకాలుగా మొదలుపెట్టాలని అనుకున్నాను. ఒక దాంట్లో సీలెంట్ చరిత్ర కూడా ఉంది.

"అక్కా, నీ కిటికీలకి నీళ్లు పోయే కన్నాలు మూసింది నేను."

పేపరు దించలేదు. "ఎప్పుడు?"

"నాలుగేళ్ల కిందట. నువ్వు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు. అవి చిన్నోడు వదిలేసిన సందులనుకున్నాను."

"ఇరవై ఆరేళ్లు కట్టావు."

"మేం కట్టినన్నాళ్లూ బిగింపు కిటికీలే. జారే కిటికీలు నేను వచ్చేశాక వచ్చాయి."

"అడగొచ్చుగా."

"వాణ్నా?"

పేపరు దించింది. అరుస్తుందని చూశాను. అరిస్తే బాగుండేది, అరిచేవాళ్లకి జవాబు చెప్పడం నాకు వచ్చు.

"మరి వాడెందుకు ఒప్పుకున్నాడు?"

"తెలియదు."

"నాలుగు రోజులు ఊరంతా తిరిగి తిట్టించావురా నాచేత. నా ఊపిరి ఖర్చుపెట్టి." పేపరు మడిచి పక్కన పెట్టింది. తర్వాత తరగతిలో ఆఖరి బెంచీని లేపే గొంతుతో అడిగింది: "ఇంకా ఎవరి బండ్లకి మూశావు?"

అది నాకు తట్టనే లేదు. ఇక్కడ అబద్ధం రాస్తున్నాను. పద్నాలుగో తేదీనుంచీ తడుతూనే ఉంది. ఎక్కడ తట్టినా అక్కడ వేరే సంగతి రాశాను.

"ఆరు" అన్నాను. చిన్నోడి పని ఎంత నాసిరకమో లోకానికి చూపించాలని యార్డులో ఆరు బండ్లకి ఉచితంగా చేశాను. అడిగి మరీ చేశాను.

"చెప్పులేసుకో" అంది.

సెప్టెంబర్ 25

నిన్న ముందు షెడ్డుకి తీసుకెళ్లింది. చిన్నోడు రంపం ఆపాడు. నేను చెప్పబోతే, "తెలుసు బావగారూ" అన్నాడు. "తెలిస్తే ఎందుకు నోరు మూసుకున్నావోయ్?" అని అక్క అడిగింది. వాడు గడ్డం గోక్కున్నాడు. "కొత్త కిటికీలు వచ్చినప్పుడు బావగారికి ఓసారి చెప్పి ఉండాల్సింది వదినా. చెప్తే మళ్లీ తగువవుతుందని ఊరుకున్నాను. నాదీ కొంత ఉంది." నేను వాడి బల్ల మీది సన్న ఉలి అందుకున్నాను.

టైలరమ్మ బండితో మొదలుపెట్టాం. సన్న ఉలితో తెల్ల గీతని గీకితే కన్నం బయటపడింది. వెంటనే గాడిలో నిలిచిన ఎర్రటి నీళ్లు గోడ వెంట కారాయి.

"అయ్యో, ఇవెవరు మూశారండీ?"

"నేనేనమ్మా."

"మీరు మూసినందుకే కదా ఆ రోజు రెండుసార్లు కాఫీ ఇచ్చాను" అంది. తప్పు పట్టినట్టు కాదు, గుర్తు చేసుకుంటున్నట్టు. అక్క కలగజేసుకుని, నాలుగు రోజులుగా తాను చెప్పినదంతా తప్పని, కప్పు పని చిన్నోడికే ఇమ్మని చెప్పింది. మిగతా మెట్ల దగ్గర కూడా ఆ మాటే చెప్పింది.

సాయంత్రానికి అయిదు బండ్లు అయ్యాయి. పోస్టుమాస్టరు బండిలో గోడ మెత్తబడింది. మిగతావి బతికాయి. ఆయన ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. అదీ ఒక శిక్షే.

ఆరోది లేదు. నీలం చార బండి. బొమ్మల పెయింటర్ కుర్రాడు, అతని భార్య, ఏడాది నిండని పాప. జూన్‌లో బయల్దేరి వెళ్లిపోయారు. వెళ్లే ముందు రోజు నాలుగు కిటికీలూ నేను మూశాను, కానుకగా. పాప ఉయ్యాల కిటికీ కిందే కట్టారు. నేనే కొక్కెం బిగించాను.

ఇచ్చిన నంబరు పనిచెయ్యడం లేదు.

సెప్టెంబర్ 26

వాన. పొద్దున్నుంచీ షెడ్డులో ఉన్నాం. బండ్లు నిలిపే యార్డుల నంబర్ల పట్టిక చిన్నోడి దగ్గర ఉంది, ఎనభై పైచిలుకు. సగం వాడు, సగం నేను. అక్క మధ్యలో కూర్చుని, అడిగినవాటి మీద గీత కొడుతోంది.

"నీలం చార బండి, పాప ఉంది" అని ఎన్నిసార్లు చెప్పానో. వాళ్లు లేరన్నారు. చూడలేదన్నారు. ఒకడు, "ఏం చేశారు తాతా వాళ్లు?" అన్నాడు. "వాళ్లేం చెయ్యలేదు, నేను చేశాను" అంటే ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం రెండింటికి, నా వాటాలో ముప్పై నాలుగోది. "నీలం చారదా? చివర్న ఉంది, ఆగండి" అంది ఒక ఆడగొంతు. గొడుగు విప్పిన చప్పుడు, బురదలో అడుగులు, తలుపు కొట్టడం. తర్వాత పాప తల్లి.

"తాతగారా? మీకీ నంబరెలా దొరికింది?"

"పాపకి దగ్గుందా అమ్మా?"

"మూడు వారాలుగా ఉంది. మీకెవరు చెప్పారు?"

అప్పుడు చెప్పాను. వివరించలేదు, సమర్థించుకోలేదు. నా జీవితంలో అంత చిన్న వాక్యాలు ఎప్పుడూ మాట్లాడలేదు. పాపని వేరే చోట పడుకోబెట్టమన్నాను. చెంచా కాడో మేకో పట్టుకుని బయటికి వెళ్లమన్నాను. కిటికీ కింద చట్రం మీద తెల్ల గీత ఉంటుంది, అది నేను పెట్టింది, చివర్ల నుంచి జానెడు లోపలికి గట్టిగా గీకమన్నాను. ఆమె ఫోన్ ఎక్కడో పెట్టింది. రేకు మీద వాన, గీకుడు. చిన్నోడు తన ఫోన్ పక్కన పెట్టి ఇటు వంగాడు. అక్క దగ్గు ఆపుకుంటోంది.

గీకుడు ఆగింది.

"నీళ్లొస్తున్నాయి తాతగారూ."

"రానీ అమ్మా."

"నల్లగా వస్తున్నాయి."

"రానీ. ఆగిందాకా చూడు."

అక్క పట్టికలో ఆ నంబరు చుట్టూ సున్నా చుట్టింది.

"ఇంకా వస్తున్నాయి" అంది.